ఎడమవైపు సీటు

విమానమైతే రెండు గంటలే.
టికెట్లూ చవకే, మా కిట్ ఫోన్లో చూపించాడు.
నేను మాత్రం కారు తాళాలే తీశాను.
ఎందుకంటే స్కీలు పొడవన్నాను,
బూట్లు బరువన్నాను,
సామానుకి వేరే కట్టాలన్నాను.
అవీ నిజాలే.
అసలు కారణం ఎడమవైపు సీట్లో కూర్చుని
బెల్టయినా పెట్టుకోకుండా
నా అద్దం సరిచేస్తున్నాడు.

మా నాన్న విల్ఫ్.
కాళ్ళకి చక్రాలు కట్టుకు తిరిగిన మనిషి.
గ్రిమ్స్‌బీ రేవు నుంచి ముప్పై ఒక్క ఏళ్ళు
చలిపెట్టె లారీలో చేపలు మోశాడు
ఫ్రాన్సు నడుం మీదుగా ఆల్ప్స్ పాదాల దాకా.
పాదాల దాకానే.
షాంబెరీ గోదాములో సరుకు దింపి,
కాగితం మీద ముద్ర వేయించుకుని,
కొండలకి వీపు చూపించి వచ్చేసేవాడు.

కాలే రేవులో ఓడ దిగేసరికి ఇంకా చీకటి.
"కుడిపక్కనే పో" అన్నాడు,
మొన్ననే లైసెన్సు తెచ్చుకున్నదానికి చెప్పినట్టు.
నాకు నలభై ఆరు.
వెనక సీట్లో కిట్ నవ్వాపుకున్నాడు,
మా ఆయన ఐవర్ ఆపుకోలేదు.

టోల్ గేటు.
మాది ఇంగ్లండు బండి, స్టీరింగు కుడివైపు.
చీటీ ఇచ్చే మర ఎడమవైపు.
నాన్న అద్దం దించి, చెయ్యి చాచి, చీటీ లాగాడు.
"ఒక్కణ్ణే కదా అప్పుడు,
దీనికోసం ఆ సీట్లోంచి ఈ సీట్లోకి పాకేవాణ్ణి.
వెనకాల హారన్లు.
చలికాలం మోకాలు పట్టేసేది."
ముప్పై ఒక్క ఏళ్ళ గురించి
ఆయన నాకు చెప్పింది ఆ మోకాలి సంగతే.

తర్వాత బీట్‌రూట్ గుట్టలు, గాలిమరలు, పొగమంచు,
మళ్ళీ బీట్‌రూట్ గుట్టలు.
పక్కింటివాళ్ళు అప్పుడే మంచు మీద ఉన్నారట,
ఫొటో వచ్చింది.
"తాతా, ఇక్కడేముంది చూడ్డానికి?"
"ఆ వంతెన కింద పడుకున్నాను ఓసారి."
ఇంకో ఇరవై మైళ్ళకి,
"ఇక్కడ కాఫీ బాగుండేది."
త్రువా దాటాక, ఎవరూ అడక్కుండానే,
పొలాల అవతల చెట్ల వరస చూపించాడు.
"పాత రోడ్డు అటు.
మీ అమ్మ పుట్టిందని అక్కడే తెలిసింది.
ఫోన్ బూతుకి గాజు లేదు, ఒకటే గాలి,
పుట్టిందన్న మాటొక్కటే వినపడింది.
ఆడో మగో తెలీలేదు.
లాంగ్ర్‌లో మళ్ళీ చిల్లర వేశాను."

"ఆపనా?" అన్నాను.
"ఎందుకూ? టైము దండగ."
నూట ముప్పై మీదున్న ముల్లు
తొంభైకి దిగింది.
నేను దించలేదు, నా కాలు దించింది.

షాంబెరీలో గోదాము
ఇప్పుడు సోఫాల దుకాణం.
గాజు వెనక ఒక కుర్రాడు ధర చీటీలు అంటిస్తున్నాడు.
"ఇక్కడ ఎడమకి తిరిగితే నాకు తెలుసు" అన్నాడు నాన్న.
"నేరుగా పోతే తెలీదు."
నేరుగా పోయాను.
అక్కణ్ణించి ఒక్కసారి కూడా
కుడిపక్కనే పొమ్మనలేదు.

ఘాట్ రోడ్డు మొదట్లో చక్రాలకి గొలుసులు కట్టాలి.
ఐవర్ వీడియో చూస్తూ చేతులు ఊదుకుంటున్నాడు.
డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి
ఆ బురదమంచులో
ఆ మోకాలి మీదే కూర్చున్నాడు.
రెండు చక్రాలూ అయ్యాక
వీడియోలో ఇంకా మొదటి చక్రమే నడుస్తోంది.
"ఏటా మోసేవాణ్ణి వీటిని.
కట్టింది రెండుసార్లే."

పైన
కిట్ కారు ఆగకముందే దూకేశాడు.
నాన్న నెమ్మదిగా దిగి,
గోడ మీది మంచు పిడికెడు తీసి,
చేపల పెట్టెలో ఐసు చూసేవాడిలా
బొటనవేలితో నలిపాడు.
"మెత్తగా ఉంది" అన్నాడు.
"దీంతో చేప నిలవదు."

ఎదురుగా కొండ మొత్తం ఉంది.
ఎంతసేపు చూశాడో
నేను లెక్కపెట్టలేదు, సామాను దింపుతున్నాను.
తిరిగి చూసేసరికి
కారు ముందు నించుని
రెండు వైపర్లూ పైకెత్తి పెడుతున్నాడు,
రాత్రికి అద్దానికి అంటుకుపోతాయని.